ఇంద్రావతి ఒడ్డున రెండు గీతల బాతులు

మా పెద్దవాడు ముత్తయ్య బార్సూరు దగ్గర అడవిలో కలప నరికే కూపులో దుంగలు కొలిచే పని మూడేళ్ళు చేశాడు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి అక్కడే పోయాడు. వాగులు పొంగి ఉండడంతో కబురు మా ఊరు కొంటాకు చేరేసరికే అక్కడివాళ్ళు మట్టి చేసేశారు. చలి మొదలయ్యాక, కూపులో వంటచేసే కిష్టయ్య ఉప్పు బండ్లవాళ్ళతో ఇంకో కబురు పంపాడు. ఆ ఊరి మాడియా గోండులు తమ వాళ్ళకు నిలిపినట్టే వాడికీ చెక్కిన కొయ్యస్తంభం నిలుపుతున్నారట. పనంతా అయిందట, పైన కూర్చోబెట్టే పిట్ట ఒక్కటే మిగిలిందట. పోయినవాడికి ఇష్టమైన పిట్టను పెట్టాలి, అది ఏ పిట్టో ఇంటివాళ్ళ నోటనే రావాలి, అందుకని తల్లిని రమ్మన్నారు. అలా బయలుదేరాను. మనవైపు నుంచి ఆ దారిన వెళ్ళదలచినవాళ్ళకు పనికొస్తుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కొంటా నుంచి సుక్మాకు ఉప్పు బండ్లు సంతను బట్టి కదులుతాయి. మనిషికి ఎనిమిది అణాలు, తిండి మనదే. తెల్లవారుజామున బండెక్కితే మూడో రోజు పొద్దు వాలేసరికి సుక్మా చేరతాం. రాజుగారి సుంకం నాకా దగ్గర మూటలన్నీ విప్పి చూస్తారు, అక్కడ గంటసేపు పోతుంది. ఏ పిట్ట అంటే చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది కాబట్టి నాకు తొందర లేదు. చిన్నప్పుడు ముత్తయ్య ఒక ఎర్ర పుంజును పెంచాడు. రాత్రి దాన్ని తన దుప్పట్లోనే పడుకోబెట్టుకునేవాడు.

బండి తోలే లచ్చయ్య మాటకారి. ఒక వాగు దాటుతూ ఎడ్లను ఆపాడు. "ఏందక్కా, బండెక్కినకాడి నుంచి కిందికే జూస్తున్నవు. అగో, ఆ మడుగుల జూడు. ఈ యేడు వచ్చినన్ని కొత్త పిట్టలు నా పుట్టుకల జూళ్ళే" అన్నాడు. ఒళ్ళంతా నలుపు, పొట్ట తెలుపు, ముక్కూ కాళ్ళూ ఎరుపు. కొంగే కదా అన్నాను. "కొంగనే. మసి పూసుకున్న కొంగ" అని ఎడ్లను అదిలించాడు.

సుక్మా నుంచి దంతెవాడ మీదుగా వేరే బండి, మనిషికి రూపాయి. కొండ ఘాటీ ఎక్కేచోట దిగి నడవాలి. దారిలో ఒక చెరువు నిండా బాపన బాతులు, పసుపు కుంకుమ కలిపి పూసినట్టు ఉన్నాయి. గోదావరి లంకల్లో చూసినవే. ఇక్కడ ఇన్ని ఎప్పుడూ దిగలేదని ఆ బండివాడూ అన్నాడు. బయలుదేరిన ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి కూపు చేరాను.

కిష్టయ్య భద్రాచలం వైపు మనిషి. జావ పోసి, ముందు వాడిని పెట్టిన చోటికి తీసుకెళ్ళాడు. అక్కడి సంగతి రాయను. తర్వాత స్తంభం చెక్కే జోగా దగ్గరికి వెళ్ళాం. ముసలాయన, రెండు కళ్ళకూ పొర కమ్మింది, చేత్తో తడుముకుంటూ చెక్కుతాడు. మద్ది దుంగ మీద ఎడ్లు, డోలు కొట్టేవాళ్ళు, వాళ్ళ మధ్య టేపు పట్టుకున్న మావాడు. పైన గుంట తొలిచి ఖాళీగా ఉంచాడు.

"కోడిపుంజు పెట్టమను" అన్నాను.

కిష్టయ్య నా వైపు తిరిగాడు. "కోడా? మూడేండ్లల్ల మీవోడు కోడిని జూసింది నా కూరలనే పిన్నమ్మా." ఆ మాట గోండిలో చెబితే జోగా కూడా నవ్వాడు. ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"బాతుల సంగతి మీ అమ్మకు చెప్పలేదా అంటుండు. పోయిన చలికి ఇంద్రావతి ఇసుకల మొదటిపాలి దిగినయి. పనికి ముందు రోజూ పోయి కూసునేటోడు. ఈసారి వస్తయో రావో అనుకున్నం. నాలుగు రోజులయింది వచ్చి. మళ్ళా ఎప్పుడు లేస్తయో తెల్వదు."

ముత్తయ్య నాకు చెప్పబోయాడు. ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు మిరప కోతలో ఉన్నాను. "అమ్మా, అక్కడొక బాతు" అని మొదలుపెట్టాడు. ముందు ఆ బుట్ట ఎత్తమన్నాను. ఎత్తాడు. తర్వాత నేను అడగలేదు.

కిష్టయ్య నా ముఖం చూసి మెల్లగా అన్నాడు. "నీ మాటే మాట పిన్నమ్మా. పుంజంటే పుంజే చెక్కుతడు. కంబం ఎల్లుండి లేపుతరు. రేపు ఒక్కపాలి పోయి జూద్దాం."

మర్నాడు చీకటి ఉండగానే రెండు మైళ్ళు నడిచి నది ఒడ్డున కూర్చున్నాం. అంతా మంచు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెళ్ళిపోయాయేమోనని కిష్టయ్యను రెండుసార్లు అడిగాను. పొద్దెక్కి మంచు పలచబడ్డాక ఇసుక మీద బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తలలు, తల వెనక రెండు నల్లటి గీతలు. ముక్కు పసుపు. నడక మాత్రం మన ఇంటి బాతు నడకే.

"అగో, ఆ ఒక్కదాన్ని జూడు" అన్నాడు కిష్టయ్య. "అన్నీ మేస్తుంటే అది మేయదు. మెడ లేపి కావలి ఉంటది. అది తల దించంగనే ఇంకోటి లేపుతది. ఎవల వంతు ఎప్పుడో వాటికి ఎట్ల ఎరుక అని మీవోడు కూలోళ్ళను గూడ పిలుచుకొచ్చి జూపించిండు. పని చెడుతుందని నేనే తిట్టిన."

నాలుగు వంతులు మారేదాకా చూశాను.

తిరిగి వచ్చి జోగా ముందు కూర్చుని, ఆ మెడ లేపిన బాతునే పెట్టమన్నాను. అలాంటిది ఆయన ఎన్నడూ చెక్కలేదు. మెడ ఎంత అని అడిగాడు. ఎలా చెప్పాలో తెలియక, మోచేయి నేలకు ఆనించి చెయ్యి నిలబెట్టి, తల వంచినట్టు వేళ్ళు వంచాను. ఆయన మోచేయి నుంచి మణికట్టు దాకా వేళ్ళతో తడిమి, నారతో కొలుచుకున్నాడు. గీతలు ఎక్కడ అన్నాడు. ఆయన తల వెనకే నా వేలితో రెండు గీతలు గీశాను. గీసేదాకా కదలకుండా కూర్చున్నాడు. సాయంత్రానికి పిట్ట తయారైంది. గీతలను కాల్చిన కమ్మీతో వేశాడు.

మర్నాడు కంబం లేపారు. మెడ కొంచెం పొడుగైందని కిష్టయ్య అన్నాడు. నేను మార్చమనలేదు. వానలకూ చెదలకూ ఆ కొయ్య ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలియదు. వచ్చే చలికి బాతులు వస్తాయో లేదో కూడా ఎవరూ చెప్పలేరు. తిరుగు ప్రయాణంలో ఎనిమిది రోజులూ మెలకువగా ఉన్నంతసేపూ బండిలోంచి పైకే చూస్తూ వచ్చాను. కనబడిన పిట్టనల్లా ఏమిటని ముందు దంతెవాడ బండివాణ్ణీ, సుక్మా దాటాక లచ్చయ్యనూ విసిగించాను. కొన్నిటికి వాళ్ళ దగ్గరా పేరు లేదు.

ఆ బాతులను చూడబోయేవాళ్ళు తెల్లబట్టలతో వెళ్ళకండి, తెలుపు కనబడితే అవి లేచిపోతాయి. నా తెల్లచీర మీద కిష్టయ్య గోనెసంచి కప్పాల్సి వచ్చింది. మాసిన రంగు దుప్పటి ఒకటి వెంట ఉంచుకోండి, చలికీ పనికొస్తుంది.