పెళ్లిబంతిలో నేను చదివిన పద్యం

మా పెదనాయన పోయి నేటికి పదమూడో రోజు. తన పట్టుచీరల అంగడి మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని, రెండు నెలలు మంచంలో ఉండి, ఒక పొద్దున కాఫీ అడిగి, అది వచ్చేలోగా వెళ్లిపోయారు. బెంగళూరులో ఆయన ఇంట్లో తిని, ఆయన కట్టిన ఫీజుతో బీఎస్సీ మీద రెండుసార్లు దండయాత్ర చేసి, మూడోసారికి గట్టెక్కిన మహావీరుణ్ణి నేను. ఆయన గురించి రాసే అర్హత నాకుందో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

అంగడికి వచ్చినవాళ్లు ఎన్ని చీరలు విప్పించి కొనకుండా లేచినా ఆయన విసుక్కునేవారు కాదు. "చూసి సంతోషపడినారు గదా, చాలు" అని, పాత గీత మీదనే మళ్లీ మడత పెట్టేవారు. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం ఆయన ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఇరవై ఏళ్లప్పుడు గవదబిళ్లలు వచ్చి, వాపు కింద వృషణాలకు దిగిందట. పిల్లలు కలగలేదు. గడ్డం కూడా పలచబడిపోయింది.

ఇదంతా ఆయనే చెప్పారు. కంటోన్మెంటులో ఒక డాక్టరు కొత్తగా వచ్చిన నూనె మందేదో సూదితో ఎక్కిస్తానన్నాడు. మందుపెట్టెలోని కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"చదివి చెప్పప్పా. డాక్టరు ఇంగ్లీషులో గడగడా చెప్పినాడు, నేను తల ఊపేసి వచ్చినా."

మగవాడి ఒంట్లో ఊరవలసిన ఒక రసం ఆయనకు ఊరడం లేదని, దాన్ని బయట తయారుచేసి ఎక్కిస్తారని చెప్పాను.

"అంటే తప్పు నాది కాదా?"

"కాదు పెదనాయనా, గ్రంథిది."

చాలాసేపు నవ్వుకున్నారు. "ఎవురికీ చెప్పొద్దప్పా. మీ పెద్దమ్మకు నేనే చెప్తా" అన్నారు.

వారానికి రెండు సూదులు. రెండు నెలలు గడిచాక చీరల మూట తానే అటక మీదికి ఎత్తారు. ఒక పొద్దున నా చెయ్యి లాగి బుగ్గ మీద పెట్టుకుని, "చూడరా, గరుగ్గా ఉండాది!" అన్నారు. పరీక్ష పాసైన ఏ కుర్రాడి ముఖంలోనూ నేను ఆ వెలుగు చూడలేదు.

తర్వాత దొడ్డబళ్ళాపురంలో మా వాళ్ల పెళ్లి. బంతిలో ఎవరో ఒకరు పద్యం ఎత్తుకోవడం మాలో ఆచారం. పరిహాసాచార్యుణ్ణి నేనుండగా ఇంకొకరా? సూది, నూనె, మొలిచిన గడ్డం, అన్నీ పెట్టి సీసపద్యం అల్లాను. చివరి పాదంలో, మీరు ఊహించినట్టే, పెదనాయన. మగపెళ్లివారు "ఒన్స్ మోర్" అన్నారు. పెదనాయన బావమరిది చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, "ఏం బావా, యాడ దొరుకుతాది ఆ నూనె? మాగ్గూడా ఒక సీసా!" అని అరిచాడు.

పెదనాయన అందరితో పాటు నవ్వారు. "బాగుండాదిరా. ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. మొదటిసారి చదివినందుకైనా మూర్ఖత్వమనే సాకుంది. రెండోసారికి ఏ సాకూ లేదు.

పెళ్లి తర్వాతి సోమవారం నుంచి ఆయన డాక్టరు దగ్గరికి పోలేదు. అడిగితే, "అంగడికొచ్చినోళ్లు చీర చూడకుండా నా మొహం చూస్తాండారప్పా. ఆ సూది నాకొద్దు" అన్నారు. నీరసం మళ్లీ వచ్చింది. ఏడాదికి కాలు జారింది. "మందు ఆపకుంటే ఎముక గట్టిగా ఉండేదేమో, ఖాయంగా చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆ "ఏమో" నన్ను వదలడం లేదు. మంచం పక్కన రెండు నెలలు కూర్చుని జోకులు చెప్పాను. తప్పయిందని మాత్రం చెప్పలేదు.

నిన్న కర్మ భోజనాల్లో అదే బావమరిది, "ఏమప్పా కవీ, మీ పెదనాయన మీద మంచి పద్యం ఒకటి చెప్పు" అన్నాడు. లేచాను.

"పద్యం లేదు. ఆయన నన్ను నమ్మి చెప్పిన మాట నేను మీకు చెప్పి నవ్వించినా. ఆ నవ్వుకే ఆయన మందు మానేసినాడు. తప్పయిందని ఆయన బతికున్నప్పుడే చెప్పాల్సింది, చెప్పలా."

కూర్చున్నాను. పెద్దమ్మ మజ్జిగ పోస్తూ వచ్చి నా ముందు ఆగింది. నా ఆకులో పోసి, పక్క ఆకుకు పోకుండా, నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడింది.