హాలియా మలుపులో తంగేడు కొమ్మలు

సాగర్ గేట్లు ఎత్తారని విన్న ప్రతిసారీ వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపేశాను. ఈసారి ఆదివారం పొద్దున ఏడుంబావుకు నల్లగొండలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కార్డు మరవకండి.

హాలియా దాటాక, ఎనిమిదిన్నరకు, మలుపులో రోడ్డుకు అవతల స్కూటర్ పడి ఉంది. పక్కన వెల్లకిలా ఒకాయన, ఏడుస్తున్న ఆయన భార్య. మా కాలేజీలో ఏటా పిల్లలకు ప్రథమ చికిత్స నేర్పేది నేనే. బస్సు ఆగీ ఆగకముందే దిగి, దాని ముందు నుంచి రోడ్డు దాటబోయాను. తన వైపు తలుపులోంచి దూకిన డ్రైవర్ యాదయ్య నా జబ్బ పట్టి వెనక్కి లాగాడు. ఎదురుగా లారీ దూసుకుపోయింది.

"జర చూస్కోవాలె గద మేడం! మిమ్ముల సుత ఎత్తుకపోవాల్నా?"

'ముందు చుట్టూ చూడాలి, తర్వాతే దెబ్బలు' అని ఏటా బోర్డు మీద మొదట రాసేది నేనే. లారీ పోయాక దాటాను.

యాదయ్య తంగేడు కొమ్మలు విరిచి మలుపుకు రెండు వైపులా పరిచాడు, బండ్లు మెల్లబడ్డాయి. కండక్టరమ్మ స్కూటర్ ఇంజన్ ఆపి 108కి ఫోన్ చేసింది.

ఆయన పేరు ఖాజా. అడిగితే పేరూ ఊరూ చెప్పాడు, మెడ నొప్పన్నాడు. పిక్క నుంచి రక్తం కారుతోంది. బస్సులోని ఒక పెద్దాయన, "లేపి కూసోపెట్టున్రి" అంటూ చంకల కింద చేతులు పెట్టబోయాడు.

"మెడ నొస్తుందంటుండు. కదిలించొద్దు."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు. నువ్వు గూడ కాదు గద!"

ఆ పెద్దాయన్నే ఖాజా తల కదలకుండా పట్టుకోమన్నాను, గొణుగుతూనే పట్టుకున్నాడు. టిఫిన్ కోసం తెచ్చుకున్న కొత్త కవర్ చేతికి తొడుక్కుని, ఉతికిన తువ్వాలు మడిచి పిక్క మీద గట్టిగా అదిమాను. భార్య షాహీన్ నీళ్ల సీసా తెచ్చింది.

"గొంతు ఎండుతాందంట అక్కా, జరన్ని పోస్త."

"వద్దు చెల్లె. పండుకున్నోనికి పోస్తే పొలమారుతది. ఆపరేషన్ గిట్ల జెయ్యాల్సొస్తే ఇంక కష్టం."

ఖాజా కళ్లు తెరిచాడు. "అడగకుండ ఒక్కనాడు నీళ్లియ్యలే ఈమె. ఇచ్చిననాడు మీరు వద్దంటున్నరు."

"నవ్వకు, తల కదుల్తది!" పెద్దాయన గద్దించాడు, తానే నవ్వుతూ.

తువ్వాలు తడిసింది. తీయకుండా దాని మీదే నా చున్నీ పెట్టి అదిమాను. అంబులెన్స్ వచ్చేసరికి రక్తం ఆగింది. కాలివేళ్లు ఆడిస్తున్నాడు గానీ, మెడ సంగతి దవాఖానలో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ఆయనతో అంబులెన్స్ ఎక్కుతూ షాహీన్ నా నంబరు తీసుకుంది.

సాగర్‌లో గేట్ల తుంపర మొహాన పడుతున్నా నా చూపు ఫోన్ మీదే. చేపల వేపుడు బాగుంటుందంటారు. సగం వదిలేసినదాన్ని, నేనేం చెప్పగలను?

మూడున్నరకు అదే బస్సు, అదే డ్రైవరు. ఎక్కుతుండగా ఫోన్ మోగింది.

"మెడల ఏం ఇరగలేదంట అక్కా! కాలుకు కుట్లేసిన్రు. చాయ్ కావాల్నని లొల్లి జేస్తుండు."

సీట్లో కూలబడ్డాను. మధ్యాహ్నం తినని ఆకలి అంతా అప్పుడు వేసింది.

ఆ మలుపు వచ్చేసరికి కొమ్మలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. "పరుసుడు అందరికీ వస్తది, తీసుడే ఎవరికీ రాదు. చీకటైతే ఇంకో బండి జారదా?" అన్నాను. యాదయ్య బస్సు ఆపాడు.

"దిగున్రి మేడం, ఇద్దరం తీద్దాం."

దిగాను. రోడ్డు మీద కాలు పెట్టే ముందు ఇటు చూశాను, అటు చూశాను. యాదయ్య చూస్తున్నాడని తెలిసి మళ్లీ ఇటు చూశాను.