ఎర్ర గుడ్డ కట్టిన కొడవళ్లు

మా పిన్ని కూర్చుని ఉండగా చూశానని ఎవరైనా చెబితే వాళ్ల కళ్లకు ముందు వైద్యం చేయించాలి. ఆవిడ అన్నం కూడా నిలబడే తినేది. ఒక ముద్ద పొయ్యి దగ్గర, ఒక ముద్ద పశువుల పాకలో, మరో ముద్ద వాకిట్లో. ఆవిడ వెంట తిరగలేక ఆవిడ నీడ మధ్యాహ్నం పూట చూరు కింద కూలబడి రొప్పుతూ ఉండేదని చెప్పుకునేవారు. ఆ నీడకు నేనే ఒకసారి చెంబుతో మంచినీళ్లు ఇచ్చాను. నమ్మకపోతే మీ ఇష్టం.

ఊరంతా ఆవిడను చాటున బొంగరం అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "బొంగరం ఆగితే పడిపోతుంది కదా, అందుకే ఆగను" అనేది.

ఆవిడ మొగుడు, అంటే మా బాబాయి, సరిగ్గా అందుకు ఎదురు. మనిషి మంచివాడు. మాట మెత్తన, నిద్ర ఇంకా మెత్తన. ఆయన చేరగిలబడితే గోడ కూడా ఆవులించేది. కొడవలి పడితే ఆయన కోసిన చోటు చీకట్లో గడ్డం గీసుకున్నట్టుండేది. పార పడితే పక్కవాళ్లు తమ కాళ్లు చూసుకునేవారు. చిన్నప్పటి నుంచీ అంతేనట. మా నాన్న ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. "వీడి చేతికి పని అంటదు" అని నాన్న ఎప్పుడో తేల్చేశాడు. ఒకసారి తేల్చిన మాటను మళ్లీ నీళ్లలో వేసి చూసే అలవాటు ఆయనకు లేదు.

పిన్నిది ఏటికి అవతలి ఊరు. ఏరు దాటితే పనిముట్ల పేర్లు మారిపోతాయి. మేం గునపం అనేదాన్ని వాళ్లు గడ్డపార అంటారు. కలుపు తీసే పొట్టి పనిముట్టు మాకు బొరిగె, వాళ్లకు తొలిక. కాపురానికి వచ్చిన కొత్తలో నాన్న "అమ్మాయ్, గునపం పట్టుకురా" అంటే పిన్ని వెంటనే తెచ్చి ఇచ్చేది. ఇస్తూ "ఇదిగోండి బావగారూ, గడ్డపార" అనేది.

"ఈ ఇంట్లో దీన్ని గునపం అంటారు."

"దాన్ని అడిగారా బావగారూ? నేను గడ్డపార అన్నా పలుకుతోంది మరి."

ఇది ఒక రోజుతో తెగలేదు. ఏళ్లు నడిచింది. గడ్డపార అనే మాట నోట రానివ్వడం కంటే చేతి గోళ్లతో గొయ్యి తవ్వుకుంటానన్నాడు నాన్న ఒకసారి. తవ్వాడు కూడా. ఆ గోతిలో ఇప్పుడు కొబ్బరిచెట్టు ఉంది.

ఇంటి పొలం రెండు ముక్కలు. మెరక నాన్న చూసుకునేవాడు, పల్లం మడి బాబాయిది. ఒక ఏడు బాబాయి గట్టు మీద నిద్రపోతుంటే నీళ్లు పొంగి నారు కొట్టుకుపోయింది. తరవాతి ఏడు కోత ఆలస్యమై వానలో పనలు మొలకెత్తాయి. మూడో ఏడు కంకులు పసుపెక్కుతుండగా నాన్న వసారాలో నిలబడి చెప్పేశాడు.

"ఈసారి పల్లం వడ్లు పొడిగా పాకలోకి వస్తే మడి మీ చేతిలోనే ఉంటుంది. తడిస్తే మాత్రం వచ్చే దుక్కికి నా మెరకలో కలిపేస్తాను. మీ తిండికేమీ లోటు చెయ్యను."

బాబాయి తల ఊపాడు. తిండికి లోటు చెయ్యననే మాట పిన్నికి చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. ఆ రోజు నుంచి ఆవిడ తిరుగుడు రెండింతలైంది. పొయ్యి మీద పాలు పెట్టి పొలానికి పరిగెత్తేది, పొలంలో పాలు గుర్తొచ్చి ఇంటికి పరిగెత్తేది. దారిలో మేఘం కనబడితే దాని మొహం చూడనట్టు పక్కకు తిరిగేది. వడ్లగింజ కొరికి చూసేది, ఉమ్మేసేది, మళ్లీ కొరికేది. "నువ్వు ఇలాగే కొరుకుతూ ఉంటే కోతకు ఏం మిగలదు" అన్నాడు బాబాయి. ఆ పూట ఆయనకు మజ్జిగ దొరకలేదు.

కోతల ముఠాను పిలిపించింది. మాలో పద్ధతి ఏమిటంటే, ముఠాను ఎవరు పిలిస్తే వాళ్లే కూలీల కొడవళ్లన్నిటికీ కక్కు కొట్టించాలి. కక్కు అంటే కొడవలి అంచుకు ఉలితో చెక్కే సన్నని పళ్లు. వాటిని అలుగుకు, అంటే కొడవలి రేకుకు, ఒక ముఖం మీదే చెక్కుతారు. కుడిచేతివాళ్లకు ఒక ముఖం మీద, ఎడమచేతివాళ్లకు రెండో ముఖం మీద. ఒకరి కొడవలి ఇంకొకరి చేతిలో పడితే దుబ్బును కొయ్యదు, దాని మీద జారుతుంది.

పిన్నిది ఎడమచేతి వాటం. పొరపాటు జరగకుండా తన కొడవలి పిడికి ఎర్ర గుడ్డ పేలిక కట్టుకునేది. కమ్మరికి పిన్ని నోరంటే కొలిమి కంటే భయం. ఎర్ర గుడ్డ కనబడగానే ముందు అలుగు తిరగేసి, ఆ తరవాతే ఉలి పట్టేవాడు.

ఆ ఏడు ముఠా కొడవళ్లన్నీ పోగేసి, తనదీ అందులోనే పెట్టి, మోపు కట్టబోయింది. తాడు కనబడలేదు. తాడు వెతికే ఓపిక ఆవిడకెక్కడిది? చేతికి దొరికిన పాత చీర చింపి చుట్టేసింది. ఆ పేలిక పుట్టింది కూడా ఆ చీరలోంచే. మోపు బాబాయి భుజాన పెట్టి, "కమ్మరికి ఇచ్చి, కక్కు కొట్టించుకుని రండి. దారిలో ఎక్కడా చేరగిలబడకండి" అని తోలింది. బాబాయి దారిలో ఎక్కడా చేరగిలబడలేదు. కొలిమి దగ్గర చేరగిలబడ్డాడు.

కోత రోజు పొద్దున్నే పడమట మబ్బు లేచింది. నీలంగా, అడుగున నల్లగా, తొందర లేని దొంగలా. పిన్ని మబ్బును చూస్తూనే మోపు విప్పి కొడవళ్లు పంచింది. ముఠాకు పెద్ద ఒక ముసలావిడ, అందరూ అవ్వ అనేవారు. అవ్వ వంగి గుప్పెడు దుబ్బు పట్టి లాగింది. కొడవలి జారింది. మళ్లీ లాగింది. మళ్లీ జారింది. అలుగు తిప్పి వేలితో తడిమి, నిటారుగా లేచి నిలబడింది.

"అమ్మాయ్, ఇది నీది."

"నాది నా చేతిలోనే ఉంది అవ్వా."

"అయితే ఇవన్నీ నీవే."

ఒక్కొక్కళ్లే తిప్పి చూసుకున్నారు. మోపులో ప్రతి కొడవలికీ ఎడమచేతి కక్కే.

పిన్ని బాబాయి వైపు తిరిగింది. "కమ్మరి మిమ్మల్ని అడగలేదా?"

"అడిగే ఉంటాడు."

"మీరేం చెప్పారు?"

"నిద్రలో చెప్పింది నాకెలా తెలుస్తుంది?"

పిన్ని కొంగు నడుముకు చెక్కింది. కొలిమికి పరిగెత్తింది. నేను వెనకాలే పరిగెత్తాను. అప్పటికే నాకు మీసాలు వచ్చాయి, అయినా ఆవిడను అందుకోలేకపోయాను. నేను చేరేసరికి కమ్మరి పట్టకారు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎర్ర గుడ్డ కట్టింది ఎవరు తల్లీ? ఒక్కదానికి కడితే ఒకటి కొడతాను. అన్నిటికీ కడితే అన్నీ కొడతాను. ఇంతమంది ఎడమచేతివాళ్లను ఎక్కణ్ణుంచి పోగేసిందా అని నేనూ అనుకున్నాను. నిన్ను అడిగే ధైర్యం ఉండాలి కదా."

పిన్ని తన కొడవలి పిడికున్న పేలిక వంక చూసుకుంది. మోపుకు చుట్టిందీ ఆ చీరే.

"మళ్లీ కొట్టు మామా."

"పాతవి అరగదీసి కొత్తవి కొట్టాలి. పొద్దు వాలుతుంది."

పొద్దు వాలేదాకా మబ్బు ఆగదు. అక్కణ్ణుంచి మెరకకు నడిచింది. అక్కడ నాన్న తన ముఠాతో కోత కోయిస్తున్నాడు. ఆయనకూ అదే మబ్బు, అదే తొందర. సంగతి విని కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నా పని అయ్యాక కొడవళ్లూ మనుషులూ అందరం మీ మడికే వస్తాం. వాన ముందే వస్తే మడి మాట తేలిపోయినట్టే. ఎందుకమ్మాయ్ ఈ పరుగు? ఈ ఏటి నుంచే కలిపేస్తే నీకూ కాస్త స్థిమితం."

"స్థిమితం నాకెందుకు బావగారూ? దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలియదు."

అనైతే అంది. తిరిగి వస్తూ గట్టు మీద రెండుసార్లు ఆగింది. ఒకసారి మెరక వైపు, ఒకసారి మబ్బు వైపు చూసింది. పిన్ని దారిలో ఆగిందంటే లోపల ఏం జరుగుతోందో నాకు అర్థమైంది.

మడి దగ్గర ముఠావాళ్లు ఎడమచేత్తో ప్రయత్నించి వేళ్లు కోసుకుని, ఆ వేళ్లు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. మూడు ఊళ్లవాళ్లు కలిసిన ముఠా అది. పని లేకపోతే పేర్ల మీద పడతారు.

"మా ఊళ్లో ఇంత చిన్నదాన్ని కొడవలి అనరు, లిక్కి అంటారు."

"లిక్కి అని పిలిచి చూడు, ఒకవేళ కోస్తుందేమో."

"నీ నోటికి పెడితే ఏదైనా కోస్తుంది" అంది అవ్వ.

పిన్ని మడిలో దిగి ఒక్కతే కొయ్యడం మొదలుపెట్టింది. పాములా కోసుకుపోతోంది. కానీ మడి పెద్దది, మనిషి ఒక్కతే. వెనక్కి చూస్తే కోసింది కనబడుతోంది, ముందుకు చూస్తే కొయ్యాల్సింది ఏమీ తగ్గలేదు.

బాబాయి గట్టు మీద నిలబడి ఉన్నాడు. నిద్ర రావడం లేదన్న సంగతి ఆయనకే వింతగా ఉన్నట్టుంది. కింద పడున్న కొడవలి ఒకటి తీశాడు. ఏ చేత్తో తీశాడో ఆయనే చూసుకోలేదు. వంగి ఒక దుబ్బు పట్టి లాగాడు. సర్రుమని తెగింది. ఇంకో దుబ్బు. ఇంకోటి. పన వేశాడు, కంకులన్నీ ఒక వైపుకు దువ్వినట్టు.

అవ్వ నోట్లోంచి వేలు తీసింది. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ. నువ్వూ దాని జాతేనా?"

బాబాయి ఎడమచేతి వంక చూసుకుని, ఎవరిదో చెయ్యి అన్నట్టు దాచుకోబోయాడు.

అప్పుడు నాకు కాన్వెంటు గుర్తొచ్చింది. ఎడమచేత్తో పెన్సిలు పట్టినవాడి వేళ్ల మీద సిస్టరు స్కేలుతో కొట్టేది. కొన్నాళ్లకు వాడు చెయ్యి మార్చేవాడు. ఆ తరవాత వాడి అక్షరాలన్నీ కుంటేవి, వాణ్ణి మొద్దు అనేవాళ్లు. మా బాబాయి కాన్వెంటు గడప తొక్కలేదు. ఆయనకు ఇంట్లోనే సిస్టరు ఉన్నాడు. మా నాన్నే.

ఆ సిస్టరు సరిగ్గా అప్పుడే మెరక దిగి, ఏం జరుగుతోందో చూద్దామని గట్టు మీదకు వచ్చాడు. తమ్ముడి చేతి వంక చూశాడు.

"అన్నయ్యా, ఇది తప్పు చెయ్యే" అన్నాడు బాబాయి, చిన్నపిల్లాడిలా.

నాన్న మబ్బు వంక చూశాడు. "కొయ్యరా" అన్నాడు.

ఇక చూడండి. పిన్ని మడికి ఒక అంచున, బాబాయి రెండో అంచున. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎడమచేతులతో కోస్తుంటే వరి వాళ్లకు దారి ఇస్తూ తనంతట తానే పడుకుందంటాను నేను. కూలీలు కొయ్యలేకపోతేనేం, పనలు మోపులు కట్టి, ఎండబెట్టే ఊసు లేకుండా నేరుగా పాకలోకి మోశారు. బాబాయి ఎక్కడా ఆగలేదు. పిన్నే నడుమ తలెత్తి ఆయన వైపు చూసి, ఏదో తిట్టబోయి, తిట్టడానికి ఏమీ దొరక్క మళ్లీ వంగింది.

చివరి వరసలో ఉండగా చినుకులు పడ్డాయి. ఆఖరి మోపులు రెండు తడిసే పాకలోకి వచ్చాయి. అందులో ఒకటి నాన్న నెత్తిన వచ్చింది. ఆయన ఎప్పుడు ఎత్తుకున్నాడో ఎవరూ చూడలేదు. పాకలో మోపు దించి, దాని మీది నీళ్లు దులిపాడు. తరవాత అడుగున ఉన్న పనలోకి చెయ్యి పెట్టి ఒక గింజ తీసి కొరికాడు. పటుక్కుమంది. పిన్ని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతూ ఆయన దవడనే చూస్తోంది.

నాన్న గింజ నమిలి మింగి వానలోకి వెళ్లిపోయాడు. ఆయన మెరకలో సగం ఇంకా నిలబడే తడుస్తోంది.

ఆ రాత్రంతా పిన్ని ఇంట్లో తిరిగింది. బాబాయి మాత్రం అలసిపోయి పడుకున్నాడు, జీవితంలో మొదటిసారి అర్హత సంపాదించుకుని.

తెల్లవారి వాన వెలిసింది. పిన్ని వాకిట్లో పనిముట్లు తుడుస్తుంటే నాన్న వచ్చాడు, కాళ్ల నిండా బురద. కాసేపు చూరు వంక చూశాడు, కాసేపు కోళ్ల వంక చూశాడు.

"అమ్మాయ్, మెరక గట్టు తెగింది. మీ మడి పని అయిపోయింది కదా. మీ... మీ గడ్డపార ఒకసారి ఇస్తావా?"

పిన్ని చేతిలో గుడ్డ ఆగింది. లేచి గోడకు ఆనించినదాన్ని తీసి ఆయన చేతికి ఇచ్చింది.

"ఇదిగోండి బావగారూ, గునపం."

నాన్న దాన్ని భుజాన వేసుకుని నడిచాడు. వెనకాలే బాబాయి, ఎడమచేతిలో పార పట్టుకుని, ఆవులిస్తూ. పిన్ని వాళ్లను వీధి మలుపు దాకా చూసింది. ఆ తరవాత పొయ్యి మీద పాలు గుర్తొచ్చి పరిగెత్తింది.