నాట్ల పాటతో స్పీకర్లు కొన్న రోజు

మా పాత హోమ్ థియేటర్‌లో మాటలు సరిగా వినబడేవి కావు. మాటలకు సౌండ్ పెంచాలి, ఫైటింగ్ రాగానే తగ్గించాలి. సినిమా చూసినప్పుడల్లా నాకూ మా ఆవిడకూ రిమోట్ దగ్గరే పేచీ. ఆ వానాకాలం నాట్లు అయిపోయాక, కొత్తవి కొందామని ఇద్దరం బాన్సువాడ బజారుకు వెళ్లాం. నాకున్న కోరిక ఒక్కటే, సౌండ్ పెడితే వాడకట్టంతా వినబడాలి.

దుకాణదారు రెండు సెట్లు పక్కపక్కన పెట్టాడు. ఒకదానికి బియ్యం డ్రమ్మంత వూఫర్ ఉంది. రెండోది నడుము ఎత్తున నిలబడే టవర్ స్పీకర్ల జత. వూఫర్ సెట్టులో ఏదో ఫైటింగ్ పెట్టగానే నా గుండెల మీద ఎవరో దరువు వేసినట్టయింది. ఇక ఆలోచించేదేముంది, ఇదే ప్యాక్ చేయమని చెప్పబోయాను.

"ఆగు. మనం దినాం ఫైటింగే చూస్తమా?" అంది మా ఆవిడ. తన ఫోన్ తీసి దుకాణదారుకిచ్చింది. "అన్నా, గీ పాట రెండిట్ల వెట్టు. సౌండ్ మాత్రం రెండిటికీ ఒక్క తీరుగ ఉంచు."

అది ఆ నాట్లప్పుడు మా పొలంలో నేను రికార్డు చేసిన పాట. మా అమ్మ ముందు అందుకుంటే, నాటు వేసే ఆడవాళ్లంతా వెనక పాడుతున్నారు. ఇంట్లో ఎన్నోసార్లు విన్నదే.

వూఫర్ సెట్టులో గాలి హోరే ముందుకొచ్చింది. గొంతులన్నీ కలిసి ముద్దయిపోయాయి. తర్వాత టవర్లలో పెట్టాడు. మా అమ్మ గొంతు నడిమధ్య నుంచి, మిగతావాళ్ల గొంతులు అటూ ఇటూ విడివిడిగా వచ్చాయి. బురదలోంచి కాళ్లు తీస్తున్న చప్పుడు కూడా తెలుస్తోంది. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. ఇంతలో పాట ఆగిన సందులో, అంతవరకు ఎన్నడూ వినని మాట ఒకటి వినిపించింది. మా పక్కింటి చిన్నమ్మ గొంతు అది.

"కొడుకేమో ఫోన్ వట్టుకొని ఒడ్డు మీద నిలవడ్డడు. ఇగ నారు కట్టలు ఎవలందిస్తరే?"

వెంటనే మా అమ్మ జవాబు: "అందియ్యమంటే నీళ్లల్ల వడ్తడు. ఆడనే ఉండనియ్యి."

మా ఆవిడ నవ్వాపుకోలేక అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. దుకాణదారు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ అతని భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"మాట సాఫ్ ఇనవడుతుందా అన్నా?" అని అడిగాడు కాసేపటికి.

"మస్తు సాఫ్ ఇనవడుతుంది. ఇవే ఇయ్యి," అన్నాను, నేనూ నవ్వుతూ.

సాయంత్రం స్పీకర్లు బిగించాక నాట్లకు వచ్చినవాళ్లందరినీ పిలిచాను. హాలు నిండిపోయాక ఆ పాట పెట్టాను. ఆ మాట రాగానే అందరూ చిన్నమ్మ వైపు తిరిగారు. "నేనెప్పుడన్న?" అంటూ ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని అందరికన్నా ఎక్కువ నవ్వింది. మా అమ్మ మాత్రం నవ్వలేదు, తన పాటను శ్రద్ధగా వింటోంది.

"మొదలు జర పైకెత్తుకున్న. అందుకే మీకు అందుతలేదు," అంది చివరికి. నా వైపు తిరిగి, "గా పాట బంద్ జెయ్యి బిడ్డా," అంది.

ఆపేశాను. అమ్మ గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం కింది శ్రుతిలో పాట అందుకుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరే కలిశారు. మా ఆవిడ టీ గ్లాసుల పళ్లెం టీవీ పక్కన పెట్టి, తనూ వాళ్ల మధ్యలో చేరింది.