మోకరించిన వీరుడు

1988 మే, ఒక ఆదివారం మధ్యాహ్నం, హనుమకొండలో మా ఇల్లు. ఉన్నవాళ్ళం: నానమ్మ, జోసెఫన్న, నేను.

ఇవాళ వేడెక్కిన ఛార్జరు వాసన తగలగానే, గేమ్ డబ్బా గంటల తరబడి వేడెక్కి అదే వాసన కొట్టిన ఆ గది గుర్తొచ్చింది. అద్దెకు తెచ్చిన వీడియోగేమ్ మర్నాడు తిరిగి ఇచ్చేయాలి. పాడుబడిన కోటలో ఉండే రక్తపిశాచి మాత్రం చావడం లేదు. వాడు టీవీలో కనపడగానే నానమ్మ, "సైతాను వచ్చిండు, కండ్లు మూసుకోని ప్రార్థన చేయుండ్రి" అనేది. మేం మూసేవాళ్ళం. తెరిచేసరికి మా వీరుడు చచ్చిపడి ఉండేవాడు.

"కండ్లు మూస్తె ఎట్ల గెలుస్తమే నానమ్మా!" జోసెఫన్నకు ఏడుపొక్కటే తక్కువ.

"గెలుసుడు ముఖ్యమా, దేవుడు ముఖ్యమారా?"

నాకు కుదురు లేకపోయింది. అన్న చేతిలోని గేమ్ రిమోట్ లాక్కుని కింది మీట నొక్కాను. వీరుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిశాచి విసిరిన నిప్పు అతని తలమీదుగా పోయింది.

"నానమ్మా, మన బదులు ఆయనే ప్రార్థన చేస్తాండు!" అన్నాను, నిజంగానే నమ్మి.

నానమ్మ వెంటనే ఒప్పుకుంది. మోకరించడం, లేచి కొట్టడం, మళ్ళీ మోకరించడం. సాయంత్రానికి పిశాచి కూలిపోయాడు.

మర్నాడు పొద్దున కుటుంబ ప్రార్థనలో ఉండబట్టలేక కళ్ళు తెరిచాను. నానమ్మ కళ్ళూ తెరిచే ఉన్నాయి. తిరిగి ఇవ్వడానికి కట్టిపెట్టిన గేమ్ డబ్బా వైపే చూస్తోంది.