లివరు మీద ఎర్రగుడ్డ

నిన్న చాండ్లర్‌లోని మా చిప్‌ల ల్యాబ్‌లో, కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి గ్లవ్స్ లేకుండా సిలికాన్ పలకను తీయబోతే, వద్దమ్మా, చేతి చెమట అంటితే పాడవుతుంది అన్నాను. అన్నాక, ఆ మాట నాది కాదని, మొగల్‌సరాయ్ జంక్షన్‌లో రైలు సిగ్నళ్ళ లివరు కేబిన్ నడిపిన ముసలాయనదని గుర్తొచ్చి, ఇక పని సాగలేదు.

బీటెక్ అయ్యాక, ఇక్కడికి రావడానికి వీసా వచ్చేలోగా, నేనూ మా బావా ఆరు నెలలు అక్కడ సిగ్నల్ పనుల కాంట్రాక్టరు దగ్గర పనిచేశాం. మీలో చాలామందికి అది కాశీ వెళ్తూ నిద్రకళ్ళతో దాటిన స్టేషన్. నాకు మాత్రం ప్లాట్‌ఫారం చివర, మట్టి ముంతల్లో టీ అమ్మేచోటు దాటాక, చెక్కమెట్లు ఎక్కితే వచ్చే ఆ కేబిన్. వరసగా నలభై ఇనుప లివర్లు, ఒకటి లాగితే ఎక్కడో దూరాన తీగ బిగిసి సిగ్నల్ చెయ్యి వాలేది. వాటిని తీసేసి కంప్యూటర్ పెట్టబోతున్నారు గనక, ఏ లివరు దేనిదో జాబితా రాయడం మా పని. అంతా నేనే రాశాను. నంబర్లు, తీగల పొడవులు, దేని తర్వాత ఏది లాగాలో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. బావ కిటికీ దగ్గర కూర్చుని ముసలాయనతో కబుర్లాడుతూ టీ తాగేవాడు.

కేబిన్ మూసే రోజు ఆఖరి సిగ్నల్ మాలో ఒకరిచేత వేయిస్తానని, పెద్ద ఇంజనీరు అనుమతి తీసుకుని, ముసలాయన ముందే చెప్పాడు. అది నాదేనని నాకు అనుమానమే లేదు. ఆ మధ్యాహ్నం ఆయన పిలవకముందే లేచి ఆ సిగ్నల్ లివరు, పదిహేడో నంబరు, పట్టుకున్నాను, ఉత్త చేత్తో.

‘అరే బేటా, పసీనా!’ అంటూ నా చెయ్యి తీసేసి, ముప్పై ఏళ్ళుగా తాను మెరిపించిన ఉక్కుకు అంటిన నా చెమట తుడిచాడు, భుజాన ఉన్న ఎర్రగుడ్డతో. ఆరు నెలలూ చూస్తూనే ఉన్నాను, గుడ్డ లేకుండా ఆయన లివరు ముట్టిందే లేదు. నా జాబితాలో మాత్రం ఆ గుడ్డ లేదు. బావ ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాచి గుడ్డ అందుకున్నాడు. అతనే లాగాడు. గుడ్డ కూడా అతనికే దక్కింది. ఆ కుళ్ళు నాతోపాటే విమానమెక్కింది.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక, ఈ దేశంలోనే మరో ఊరు కాపెల్‌లో ఉన్న బావకు ఫోన్ చేసి, గుడ్డ దాచావా అని అడిగాను.

“ఏ గుడ్డరా? అక్కడ టీ మాత్రం సూపర్. అయినా ఆ లివర్ లాగింది నువ్వే కదరా?”

ఆ స్టేషన్ పేరు మారిపోయింది, కేబిన్ లేదు, మౌస్ నొక్కితే సిగ్నల్ పడుతుంది. ఔనని ఒక్క మాట అంటే ఆ మధ్యాహ్నం నాదైపోయేది; కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ జాబితా తప్పు రాయడం నాకు చేతకాదు. అంత తేలిగ్గా మరిచిపోగలిగినందుకు ఇంకోసారి అతని మీద అసూయపడి, పదిహేడో నంబరు, గుడ్డతో, నువ్వే బావా అని చెప్పాను.