చెమ్మ గోడ మీది మచ్చ

దెయ్యాలన్నా శకునాలన్నా నాకు నవ్వులాటగానే ఉండేది. మా నాన్న అమలాపురం దగ్గర చర్చి బడిలో టీచరు. ఎవరైనా ఏదో చూశామని భయపడితే "అన్నం తిని పడుకోండి, అదే పోతుంది" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. అందుకే ఈ సంగతి చెబితే నన్ను నేనే నమ్మలేను.

రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన మాట. రాజమండ్రిలో ఒక యానిమేషన్ సెంటర్లో వీడియో గేములకి టెక్స్చర్లు చేయడం నేర్చుకుంటున్నాను. టెక్స్చర్ అంటే గేములో కనబడే గోడకో, రాయికో వేసే పైపూత లాంటిది. ఫొటో తీసి అతికిస్తే తేలిక. మాకు నేర్పే మూర్తిగారు ఒప్పుకునేవారు కాదు. అన్నీ లెక్కలతోనే పుట్టించాలి. కంప్యూటర్‌కి ఒక అంకె ఇస్తే దాన్నిబట్టి మచ్చలు, పగుళ్లు, నాచు వస్తాయి. అంకె మారిస్తే అవన్నీ మారిపోతాయి.

ఒక మధ్యాహ్నం చెమ్మ పట్టిన నీలం సున్నపు గోడ చేస్తుంటే, నడిమధ్యన ఒక మచ్చ పడింది. ఎవరో పక్కకి తిరిగి పడుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసినట్టుంది. ఆ చేతి కింద చిన్న పెచ్చు ఊడింది.

"ఏంటండీ, ఫొటో అతికించేశారా?" అన్నారు మూర్తిగారు.

"లేదండి, మీరే చూడండి."

ఆయన కుర్చీ లాక్కుని అంకె మార్చారు. పగుళ్లు మారాయి, నాచు మారింది. మచ్చ మాత్రం కదల్లేదు. మళ్లీ మార్చారు. అంతే. "మెషీన్‌లో ఏదో తేడా ఉందండి" అని లేచి వెళ్లిపోయారు.

మా సలోమి అక్కకి అప్పటికే కిడ్నీ జబ్బు. ఆ వారమే డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి, నాతో కలిసి ఇంటికి వెళ్దామని సెంటర్‌కి వచ్చింది. స్క్రీన్ చూసి ఆగిపోయింది.

"ఈ గోడ నాకు తెలుసురా."

"ఎక్కడ చూశావక్కా?"

"గుర్తు రావట్లేదు. కానీ తెలుసు."

వానాకాలం మొదలయ్యేసరికి అక్కకి ఒళ్లంతా నీరు పట్టింది. కాకినాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. గోడవార మంచం ఇచ్చారు. సంచి కింద పెట్టి తలెత్తాను. నీలం సున్నం. చెమ్మ. అదే మచ్చ. వేలాడే చెయ్యి, దాని కింద ఊడిన పెచ్చుతో సహా.

"గుర్తొచ్చిందిరా, ఇదే" అంది అక్క. ఆ గొంతులో కంగారు లేదు. నేను నర్సు దగ్గరికి పరిగెత్తాను.

"మంచం మార్చండి సిస్టర్‌గారూ, ఇక్కడ గాలి ఆడట్లేదండి" అని బతిమాలాను. అసలు కారణం ఎలా చెప్పను? ఆవిడ మంచిది, పక్క వార్డుకి మార్పించింది. అక్కడ గోడకి కొత్తగా తెల్ల సున్నం వేశారు. ఆ పూట అక్క రెండు ముద్దలు తింది. నాన్న బైబిలు మూసి, నా భుజం తట్టారు.

మర్నాడు పొద్దున అమ్మ తడిగుడ్డతో మొహం తుడవబోయేసరికి అక్క అప్పటికే పోయింది. పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి జారి వేలాడుతోంది. నేను మార్చగలిగింది గోడొక్కటే.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్లకి సెంటర్‌కి వెళ్లాను. నేర్చుకోవాలని కాదు, ఆ ఫైలు చెరిపేద్దామని. చెరిపే ముందు, నేను మొదట ఇచ్చిన అంకె మళ్లీ ఇచ్చి చూశాను. అదే కంప్యూటర్, అదే అంకె. ఒకే అంకెకి ఎప్పుడూ ఒకే గోడ రావాలి, ఆ పద్ధతికి మూలమే అది. పగుళ్లు అన్నీ వచ్చాయి. నాచు వచ్చింది. మచ్చ లేదు. మూర్తిగారు నా వెనకే నిలబడి చూశారు. వెళ్లి ఫ్యాన్ వేశారు.

ఆ తర్వాత నాకు ఆ పని మీద చెయ్యి ఆడలేదు. కోర్సు వదిలేసి ఒక జిరాక్స్ షాపులో టైపింగ్‌కి కుదిరాను, ఇప్పటికీ అదే పని. మూర్తిగారు అప్పుడప్పుడూ వచ్చి కాగితాలు టైపు చేయించుకుంటారు. వానల గురించి, పిల్లల గురించి మాట్లాడుకుంటాం. ఆ గోడ మాట ఆయనా ఎత్తరు, నేనూ ఎత్తను.